కోతల మిషను

జాండ్రపేట సజ్జా పానకాలు చెప్పే మాటల్లో పదోవంతు నిజమైనా, సముద్రం ఈపాటికి చీరాల స్టేషన్ దాకా నడిచొచ్చి ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని నిలబడి ఉండేది. ఆయన కొట్టిన జకార్డు అట్టలతో నేసిన చీరను ఎవరో దండెం మీద ఆరేస్తే, అంచులో నెమళ్లను చూసి అసలు నెమలి ఒకటి సిగ్గుతో వారం రోజులు గింజ ముట్టలేదట. ఆయన చిన్నప్పటి తుఫానులో వాళ్ల మగ్గం గాల్లోకి లేచి, ఒంగోలు చుట్టి వచ్చి, మళ్లీ అదే మగ్గం గుంటలో దిగిందట. దిగేసరికి రెండు మూరల నేత కూడా అయిపోయి ఉందట. ఇవన్నీ ఎవరూ నమ్మరు. కాదని కూడా అనరు. కోతలు కోసేవాణ్ణి మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడని పేటలో అందరికీ తెలుసు.

జకార్డు అట్టలంటే మగ్గానికి డిజైను చెప్పే అట్టలు. చిల్లు ఉన్న చోట దారం లేస్తుంది, లేని చోట పడుకుంటుంది. పానకాలు ఇరవై ఆరేళ్లు ఆ చిల్లులు కొట్టాడు. అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చీర చూడకుండానే, "ఇది హంస, తోక దగ్గర ఒక చిల్లు తప్పింది" అని చెప్పగలడు. ఆయన చెప్పుకునేవాటిలో ఇదొక్కటే నిజం కాబట్టి దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు నోరు తెరవాలంటే అలసిపోతున్నాడు. పొద్దున లేచి పళ్లు తోముకునేటప్పుడే దవడలు లాగుతున్నాయి. కారణం ముందుగదిలో బల్ల మీద ఉంది.

అది కాగితాలు కోసే మిషను. కుట్టుమిషను పెట్టెంత ఉంటుంది. సూదిమొన లాంటి చిన్న కత్తి అడ్డంగా పరుగెడుతుంటే, దాని కింద కాగితం చుట్ట ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కంప్యూటర్లో బొమ్మ చూపిస్తే అదే బొమ్మను జల్లెడలా, అల్లికలా కోసి పెడుతుంది. అట్టలు కొట్టే పనిని కంప్యూటర్లు ఊడ్చేశాక, తండ్రి చేతులు ఊరికే ఉండలేక మంచం నులక విప్పి మళ్లీ అల్లడం, మళ్లీ విప్పడం చూసి, కూతురు నీలవేణి దాన్ని కొని తెచ్చింది. నీలవేణి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తుంది. పెళ్లిమండపాలకు తోరణాలు, స్టేజీ పువ్వులు కోసుకోవచ్చని ఆమె ఆలోచన. అయితే పానకాలుకూ కంప్యూటరుకూ మొదటి రోజే చెడింది. ఆ ఎలుకను పట్టుకోవడానికి ఆయన పడిన పాట్లు చూసి పిల్లి కూడా మొహం తిప్పుకుంది.

"సరే నాన్నా. దీనికి చెవి పెడతా. నువ్వు నోటితో నెమలి అను, అది నెమలిని కోస్తుంది" అంది నీలవేణి.

ల్యాబులో నెల రోజులు కూర్చుని, ఒక మైకు, అరచేతంత బోర్డు తయారుచేసి మిషనుకు బిగించింది. పానకాలు కండువా సర్దుకుని దాని ముందు కూర్చున్నాడు.

"నెమలి" అన్నాడు.

కత్తి ఒక్కసారి దిగి, రూపాయి బిళ్లంత గుండ్రం కోసి, పైకి లేచింది.

"హంస." ఇంకో గుండ్రం.

"మామిడి పిందె." ఇంకో గుండ్రం.

పానకాలుకు ఒళ్లు మండింది. "ఇదేం మిషనమ్మా! నా అట్టల ముందు ఇదెంత? నా అట్ట చూడ్డానికి ఢిల్లీ నుంచి పదకొండు మంది పెద్దోళ్లు వచ్చి, చెప్పులు వీధిలో విడిచి, దణ్ణం పెట్టుకుని పొయ్యారు!"

మిషను ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది. ఆ తర్వాత కత్తి ఏం పట్టుకుందో గాని ఆపకుండా పరుగెత్తింది. మూరెడు కాగితం బయటికొచ్చింది. దాని మీద తీగలు, తీగలకు పువ్వులు, పువ్వుల్లో మళ్లీ పువ్వులు. ఇరవై ఆరేళ్లలో పానకాలు అలాంటి డిజైను చూడలేదు. చూశానని మాత్రం వెంటనే అన్నాడు. దానికి ఇంకో జానెడు కోసింది.

నీలవేణి మిషనును మళ్లీ ల్యాబుకు మోసుకెళ్లింది. అక్కడ ఎవరిని కూర్చోబెట్టి పేరు చెప్పమన్నా గుండ్రం. వయసు చెప్పమంటే కొందరికి గుండ్రం, లైబ్రరీ మేడమ్‌కు ఆరు రేకుల పువ్వు. డిపార్టుమెంటు పెద్దసారు ఆ వైపు వచ్చి, "మన ల్యాబులో ప్రతి పరికరమూ చక్కగా పనిచేస్తోంది" అని చెబుతుండగా కాగితం చుట్ట అయిపోయింది. కొత్త చుట్ట పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది. "నాన్నా, అది మాట వినట్లేదు. గొంతులో వణుకు వింటోంది. మనసు ఒకటి, మాట ఒకటి అయినప్పుడు గొంతు రెండు పక్కలా లాగుద్ది. మన చెవికి దొరకనంత సన్నంగా వణుకుద్ది. నేను మైకు మరీ సున్నితంగా పెట్టినట్టుండా. ఆ వణుకునే గీతగా తీసుకుని కోస్తోంది. నిజం చెప్తే వణుకు లేదు. ఒక్క గుండ్రమే."

"అంటే నేను అబద్ధం చెప్పినప్పుడల్లా..."

"పువ్వులు."

ఇంకొకరైతే తలెత్తుకోలేకపోదురు. పానకాలు మీసం దువ్వాడు. "చూశావా రత్నం! ఇన్నేళ్లూ నా మాటకి విలవ లేదంటివి. ఇప్పుడు మిషనే నకలు తీసి పెడతంది."

ఆయన భార్య శేషారత్నం పెరట్లోంచి నీళ్ల బిందెతో వస్తోంది. ముందుగదిలో కూర్చుంటే పెరటి గుమ్మం దాకా సూటిగా కనపడే ఇల్లది. పెరటి నుంచి వసారాలోకి రెండు మెట్లు. రెండో మెట్టు మీద ఆమె ఎప్పుడూ ఆగుతుంది. ద్వారబంధం పట్టుకుని కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, అప్పుడు లోపలికొస్తుంది.

"అదిగో, మహారాణీగారు దర్బారుకొచ్చి నిలబడ్డారు" అన్నాడు పానకాలు, ఎప్పటిలాగే.

"ఆఁ, నీ దర్బారు ఊడ్చేది కూడా నేనే" అంది శేషారత్నం, ఎప్పటిలాగే.

* * *

పని పెరిగింది. చీరాల, వేటపాలెం, బాపట్ల వైపు మండపాలన్నీ పానకాలు కోతలతో నిండిపోయాయి. తుఫానులో ఎగిరిన మగ్గం ఒక రిసెప్షనుకు వెనకతెర అయింది. సిగ్గుపడిన నెమలి మూడు ఊళ్లలో స్వాగత ద్వారమైంది. ఎవరైనా పెళ్లికొడుకు పూలతోరణం కింద నిలబడి ఫొటో దిగితే, నిజానికి అతను పానకాలు ఒంటిచేత్తో ఎద్దును ఎత్తిన సంగతి కింద నిలబడ్డట్టు.

కోసేది మిషను, కోతలు పానకాలువి. మిగతా పని శేషారత్నానిది. కత్తి కోసినంత మాత్రాన చిల్లు పడదు. ఆ ముక్కలన్నీ ఇంకా కాగితంలోనే ఇరుక్కుని ఉంటాయి. పిన్నీసు మొనతో ఒక్కొక్కటీ పొడిచి తీయాలి. బియ్యం గింజంతవి, ఆవగింజంతవి. శేషారత్నం వంట అయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టే దాకా తీసేది. ఒకప్పుడు ఆయన అట్టలు కొట్టేటప్పుడు ఆమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఇప్పుడు రాట్నం పోయి పిన్నీసు వచ్చింది. కాగితపు ముక్కలు చీరకు అంటుకుని, జుట్టులో దూరి, పప్పులో కూడా తేలేవి.

ఇంకో సంగతి. మిషను ఆన్‌లో ఉంటే ఇంట్లో ఇంకెవరూ మాట్లాడకూడదు. "ష్! డిజైను చెడిపోద్ది" అని పానకాలు వేలు పెదవుల మీద పెట్టేవాడు. చుట్టాలు కూడా మెల్లగా రావడం తగ్గించారు. వచ్చినా వీధిలోంచే పలకరించి, "తిన్నాం, ఇప్పుడే తిన్నాం" అని పరుగెత్తేవాళ్లు. ఆ ముక్కకే ఒకసారి మిషను రెండు చామంతులు కోసింది మరి. అంత గోల ఉన్న ఇల్లు, రోజులో సగం బడి పరీక్ష జరుగుతున్నట్టు ఉండేది.

అప్పుడొచ్చాడు టెంట్‌హౌస్ శామ్యూల్. చుట్టుపక్కల ఏ మతం పెళ్లయినా కుర్చీలు ఆయనవే.

"పానకాలన్నా, పెద్దోళ్ల పెళ్లి. ఒక అడ్డుతెర కావాలి."

"అడ్డుతెరంటే బట్ట గదరా, దానికి నేనెందుకు?"

"అదేనన్నా వాళ్ల సరదా. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్యన పట్టుకునే తెర కాగితంతో కావాలంట. తెల్ల కాగితం, ఎనిమిదడుగులు, మధ్యలో అతుకుండకూడదు. సన్న పని. జీలకర్ర బెల్లం పెట్టేముందు ఆ చిల్లుల్లోంచి ఒకళ్లకొకళ్లు కనపడీ కనపడకుండా ఉండాలంట. నీకన్నా ఎవరు చేస్తారు చెప్పు?"

"ఎనిమిదడుగులా? ఎనభై అడుగులు కోస్తా, పో" అన్నాడు పానకాలు.

మిషను ఆన్‌లోనే ఉంది. కత్తి లేచింది, దిగింది. అర్ధణా అంత పువ్వు ఒకటి కోసి ఆగిపోయింది. అంత పెద్ద కోతకు అంత చిన్న పువ్వా అని అప్పుడే అనుమానించాల్సింది.

* * *

పెళ్లి ఇంకా మూడు రోజులుంది. పానకాలు మిషను ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"తుఫానులో మా మగ్గం గాల్లోకి లేచి ఒంగోలు చుట్టి వచ్చింది."

గుండ్రం.

"నా నెమలిని చూసి నెమలి గింజ ముట్టలేదు."

గుండ్రం.

"ఢిల్లీ నుంచి పదకొండు మంది..." గుండ్రం. "పన్నెండు!" గుండ్రం, చుట్టూ ఒక చిన్న రేకు.

నీలవేణి స్క్రూడ్రైవరు తీసుకుని అంతా విప్పి చూసింది. మిషను బాగానే ఉంది. చివరికి తండ్రి మొహంలోకి చూసి అంది. "నాన్నా, ఇవన్నీ చెప్పీ చెప్పీ నువ్వే నమ్మేశావు."

"నమ్మితే?"

"నమ్మితే వణుకు లేదు గదా."

పానకాలు కాసేపు ఆలోచించాడు. "అయితే మగ్గం ఎగిరిందన్నమాటే. మిషను కూడా చెప్తంది" అన్నాడు. కాని ఆ గొంతులో సంబరం లేదు.

కొత్త కోతలు కావాలి. ఇన్నేళ్లూ ఆయన కోతల్ని వెతకలేదు, అవే నోటికొచ్చేవి. ఇప్పుడు వెతుక్కోవాల్సి వచ్చేసరికి అది గొయ్యి తవ్వే కూలిపనైంది. చేపకు ఈత నేర్పానన్నాడు. జానెడు వచ్చింది. ఎండను ఒక డబ్బాలో పట్టి దాచానన్నాడు. బెత్తెడు. మధ్యాహ్నానికి నాలుక పిడచగట్టింది. రెండో రోజు సాయంత్రానికి, "నేను... నేను ఒకసారి..." అని మొదలుపెట్టి, ఏం చేశాడో తోచక అలాగే కూర్చుండిపోయాడు. మిషను పాపం కత్తి ఎత్తి, ఎదురుచూసి, దించేసింది. జీవితమంతా మాటల మీద బతికినవాడికి మాట అయిపోవడమంటే, చెరువులో పుట్టినవాడు దాహంతో పోవడమే.

మూడో రోజు పొద్దున, మూడడుగుల అతుకుల కాగితం చించి పారేసి, కొత్త చుట్ట పెట్టి, దాని ముందే మంచం వాల్చుకుని పడుకున్నాడు. మిషను ఆపడం కూడా బరువై వదిలేశాడు. బయట రోహిణి కార్తె ఎండ వీధిని పెనంలా కాలుస్తోంది.

నీలవేణి బ్యాగు తగిలించుకుంటూ వంటగది వైపు అరిచింది. "అమ్మా, వెళ్తన్నా. నువ్వు తిన్నావా?"

"తిన్నాలే. నువ్వు జాగ్రత్త."

కర్‌ర్‌ర్‌ మని చప్పుడైంది. పానకాలు కళ్లు తెరిచాడు. కత్తి కదులుతోంది.

మొదట పాడయిందనుకున్నాడు. కాగితం అంగుళం ముందుకొచ్చి ఆగింది. దాని మీద పనితనం చూసి లేచి కూర్చున్నాడు. తన కోతల్లో అన్నీ అరచేతంత పువ్వులు, బొద్దు బొద్దు నెమళ్లు. ఇది వేరు. ఆవగింజ దూరేంత చిల్లులు, వెంట్రుక మందం తీగలు. మూడు తరాల నేతగాళ్లు కలిసి కూర్చున్నా రాని సన్నపని.

వంటగదిలో ఫోను మోగింది. శేషారత్నం అక్క, బాపట్ల నుంచి.

"ఆఁ అక్కా... నాకేం, బానే ఉండా."

కర్‌ర్‌ర్‌ర్‌.

"లేదులేవే, నిద్ర బానే పడతంది."

కర్‌ర్‌ర్‌ర్‌ర్‌.

"మా ఆయనా? ఆయనకేం. బంగారం. చెంబుడు నీళ్లు కూడా నన్ను ముంచనివ్వడు."

మిషను బల్లతో సహా ఊగింది. కాగితం మీద ఒక నెమలి మొదలై, దాని తోకలో తోరణం, తోరణంలో గుడి, గుడిలో గంట దాకా వెళ్లింది. పానకాలు నోరు తెరిచాడు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో కోతలరాయుడు ఒక్కడేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అసలు పనివాళ్లు పక్కగదిలో ఉన్నారు.

బాధ పడాల్సిన చోట ముందు ఆయనకు ఆనందం కలిగింది. దాచడం ఎందుకు, అదే నిజం. అడ్డుతెర అయిపోతుంది! అప్పటికి రెండడుగులు వచ్చింది. అక్క ఫోను పెట్టేసింది. కత్తి ఆగింది. ఇంకా ఆరడుగులు కావాలి.

"రత్నం" అని పిలిచాడు.

"ఆఁ."

"అలిసిపోయావా?"

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ వేసి ఉండకపోవడం వల్ల, అది తనకేనా అని తేల్చుకోవడానికి ఆమెకు కొంత టైము పట్టింది.

"నన్నా అడిగేది?"

"నిన్నే."

"లేదు. దేనికి?"

కర్‌ర్‌ర్‌ర్‌. జానెడు. పానకాలు మోకాళ్ల మీద కూర్చుని కాగితం పట్టుకున్నాడు.

"నడుం నెప్పి పుడతందా?"

"లేదయ్యా."

మూరెడు.

"కళ్లు గాని తిరుగుతన్నాయా?"

"లేదు. నీకేమయిందియ్యాల? ఎండ కొట్టిందా?"

ఇంకో జానెడు. పానకాలుకు నుదుటి మీద చెమట పట్టింది. నాలుగడుగులు దాటింది. ఆయన అడుగుతూ పోయాడు. పొద్దున ఏం తిన్నావు? రాత్రి మిగిలిన అన్నం తిన్నా. కూర ఉందా? ఉంది. కాళ్లు పీకుతాయా? నాకెందుకు పీకుతాయి. ఈ మిషను ముక్కలు ఏరడం కష్టంగా ఉందా? ఊరికే కూర్చుని చేసేదేగా. కాగితం నేల మీదికి జారి, మడతలు పడి, ఆయన పాదాల దాకా వచ్చింది. ఎక్కడో ఆరో అడుగు దగ్గర ఆయన తెర కోసం అడగడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. గొంతు మాత్రం తగ్గిపోయింది.

"ఆయాసం వస్తందా, రత్నం?"

"నాకేం ఆయాసం. గుండ్రాయిలా ఉండా. అడ్డుతెర సంగతి చూసుకో, శామ్యూల్ వచ్చేస్తాడు" అంటూ బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

మిషను మిగిలిన రెండడుగులూ ఒక్క ఊపున కోసింది. కోసి, చుట్ట అయిపోయి, ఖాళీగా కాసేపు తిరిగి ఆగింది.

పానకాలు పాత అలవాటు కొద్దీ కాగితం అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. ముక్కలు కొన్ని జలజలా రాలాయి. అట్ట చదివినట్టు చదవబోయాడు. ఇది 'తిన్నాలే'. ఇది 'నిద్ర బానే పడతంది'. ఇది 'లేదయ్యా'. ఆ చిల్లుల అవతల, పెరటి గుమ్మంలో, శేషారత్నం బిందెతో మెట్టెక్కుతోంది. ఒక మెట్టు. రెండో మెట్టు. అక్కడ ఆగింది. బిందె దించింది. ద్వారబంధం పట్టుకుంది. భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. నోరు తెరిచి గాలి పీలుస్తోంది. అటూ ఇటూ చూసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని.

మహారాణీగారు దర్బారుకొచ్చి నిలబడ్డారు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఇలాగే ఒక తెర అవతల ఆమె నిలబడింది. అప్పుడు పసుపు బట్ట, ఏమీ కనపడలేదు. తెర దించగానే చూశాననుకున్నాడు.

పానకాలు కాగితం దించాడు.

"రత్నం, చెప్పులేసుకో. ఆస్పత్రికి పోదాం."

"ఎవరికి బాలేదు?"

"నాకు" అన్నాడు. మిషనులో కాగితం లేదు కాబట్టి ఆ కోత ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు.

* * *

వీధి గుమ్మంలో శామ్యూల్ ఎదురయ్యాడు. పానకాలు చేతిలో కాగితం చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అన్నా! ఏం కోశావన్నా! ఏ కోత ఇది?"

"నాది కాదు."

"ఎవరిదైతేనేం, ఇటివ్వు. పెళ్లోళ్లు పిచ్చెక్కిపోతారు."

"ఇయ్యను."

"ఇయ్యకపోతే రేపు పొద్దున నేనేం పట్టుకోమని చెప్పను వాళ్లని?"

"పంచె పట్టుకోమను. మేమూ అదే పట్టుకున్నాం. ముందు నీ టెంట్‌హౌస్ ఆటో తియ్యి, మీ అక్కని ఆస్పత్రికి తీసుకుపోవాల."

శామ్యూల్ శేషారత్నం వైపు చూశాడు. "ఏవైందక్కా?"

"ఏం లేదు తమ్ముడూ. ఈయనకే ఎండ కొట్టింది."

ఆటోలో మడత కుర్చీల మధ్య కూర్చుని వెళ్లారు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. శేషారత్నాన్ని కూర్చోబెట్టి, "ఏంటమ్మా ఇబ్బంది?" అంది.

"ఏం లేదమ్మా. బానే ఉండా. ఈయనే కంగారు."

"ఆయాసం ఏమైనా?"

"అబ్బే."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టబోయింది. అప్పుడు పానకాలు ఒక కొస శామ్యూల్ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎనిమిదడుగుల కాగితం సాగదీశాడు.

"అమ్మా, ఈవిడ చెప్పింది ఒక్కటీ నమ్మబాకండి. సాక్ష్యం తెచ్చా. ఇదిగో, ఇది తిండి. ఇది నిద్ర. ఇది నడుం. ఇక్కడినుంచి అక్కడిదాకా ఆయాసం."

డాక్టరమ్మ కాగితం వైపు, ఆయన వైపు చూసి, నర్సును పిలిచి, ముందు ఆయనకు బీపీ చూడమంది.

చివరికి ఇద్దరికీ చూశారు. ఆయన బీపీ గుండ్రాయిలా ఉంది. శేషారత్నం రిపోర్టు రాగానే డాక్టరమ్మ మాటలో సరదా పోయింది. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉంది. ఆ సగంతోనే గుండె రెండింతలు కొట్టుకుని, ఇన్నాళ్లు బండి లాగి, ఇప్పుడది కూడా వాచింది. ఇంకో రెండు వారాలు ఇలాగే బిందెలు మోసి ఉంటే, అని మొదలుపెట్టి మాట పూర్తి చెయ్యలేదు.

"ఎన్నాళ్లనుంచీ ఇలా ఉందమ్మా?" అంది.

శేషారత్నం నేల వైపు చూసింది. "పిల్ల ఇంటరు చదివేటప్పటినుంచి."

నీలవేణి కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఆ మాట వింది. తను ఇంటరు చదివి పదేళ్లయింది. పదేళ్లుగా రోజూ "తిన్నావా అమ్మా" అని అడిగి, జవాబు వినకుండానే చెప్పులేసుకుంది. వినడానికి ఒక మిషను కనిపెట్టింది గాని, వంటగది వైపు దాని చెవి తిప్పాలని తోచలేదు.

* * *

ఆస్పత్రిలో నాలుగు రోజులుంచారు. రక్తం ఎక్కిస్తుంటే శేషారత్నం రెండో చేత్తో మెల్లగా కొంగుకున్న పిన్నీసు తీసి, పక్కన మడతపెట్టి ఉన్న కాగితం దగ్గరికి లాక్కుని, అందులో ముక్కలు పొడవడం మొదలుపెట్టింది.

"ఏంది చేసేది?"

"ఊరికే ఉండాగా. ముక్కలు తియ్యాలిగా."

పానకాలు పిన్నీసు లాక్కున్నాడు. తనే కూర్చున్నాడు. మొదటి చిల్లు దగ్గరే తీగ తెంపాడు. రెండో చిల్లులో వేలు పొడుచుకున్నాడు. ఆమె పూట పనిగా తేల్చేది ఆయనకు నాలుగు రోజులు పట్టింది. మెడ పట్టేసింది, కళ్లు మసకలు కమ్మాయి, పక్క మంచాల వాళ్లు దుప్పట్లు దులుపుకుని విసుక్కున్నారు. ఆ నాలుగు రోజుల్లో ఆయన ఒక్క కోత కూడా కొయ్యలేదు. వార్డులో వాళ్లు ఆయన్ని మితభాషి అనుకున్నారు.

ఇంటికొచ్చాక తెరను వంటింటి గుమ్మానికి కట్టారు. అక్కడక్కడ తెగి, రక్తపు చుక్కలు పడి, అంత గొప్పగా ఏమీ లేదు. ఇంకో నెలకు గాలికి చిరిగిపోతుంది. కాగితమేగా.

మిషనును ల్యాబుకు తీసుకెళ్లిపోతానంది నీలవేణి. "వద్దు. ఒక్కటి అడగాల" అన్నాడు పానకాలు. కొత్త కాగితం పెట్టి, ఆన్ చేసి, భార్య ముందు బల్ల జరిపాడు.

"రత్నం, ఎట్టా ఉంది?"

"బా..." అని మొదలుపెట్టింది. కత్తి లేచింది. ఆమె దాన్ని చూసి ఆగిపోయింది.

"అలిసిపొయ్యానయ్యా" అంది శేషారత్నం. "బాగా అలిసిపొయ్యా."

కత్తి దిగింది. ఒక్క గుండ్రం. బొట్టుబిళ్లంత ముక్క రాలి ఆమె ఒళ్లో పడింది. ఆ ఇంట్లో అంత సాదా డిజైను అంతకు ముందు ఎవరూ చూడలేదు. నీలవేణి గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

పానకాలు కండువా తీసి నడుముకు బిగించాడు. "ఇయ్యాల్టి నుంచి వంట నాది. నీళ్లు మొయ్యడం నాది. నువ్వు మంచం దిగావంటే ఒట్టు."

మిషను ఉలిక్కిపడి కత్తి పూర్తిగా పైకెత్తింది. ముగ్గురూ దాని వైపు తిరిగారు. కత్తి గాల్లో వణుకుతూ నిలబడింది.

శేషారత్నం చెయ్యి చాపి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"దాన్ని అడగబాకు. రేపు నేనే చూస్తాగా" అంది. "పో, బియ్యం కడుగు."

పానకాలు తెర తప్పించుకుని వంటగదిలోకి వెళ్లాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తీసి పెట్టిన చప్పుడైంది. పప్పు డబ్బా, ఉప్పు డబ్బా, మళ్లీ పప్పు డబ్బా. చివరికి బియ్యం దొరికినట్టుంది. గ్లాసుతో ముంచిన చప్పుడు, మళ్లీ డబ్బాలో ఒంపేసిన చప్పుడు. తర్వాత తెర చిల్లుల వెనకనుంచి, పేటలో ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు:

"రత్నం... మనకి ఎన్ని గ్లాసులు పోస్తావు?"